నిద్రపోని డబ్బా

నా భాషలో 'కాదు' మాటకు ముందొస్తుంది.
గుమ్మంలోనే కాలడ్డం పెట్టినట్టు
ముందు కాదు, తరవాతే తక్కినదంతా.
చివర్న 'లేదు' పెట్టుకునే భాషలు కూడా ఉన్నాయట ఎక్కడో.
అక్కడ పుట్టి ఉంటే
పోయిన బుధవారం రాత్రి నా పని గంగలో కలిసేది కాదు.

జరిగింది ఇంతే.
కొత్త సౌండ్ కార్డు, అగ్గిపెట్టెంత.
కాసేపు నేను కీబోర్డు ముట్టకపోతే
కరెంటు ఆదా అని కునుకు తీస్తుంది.
లేపితే లేస్తుంది, అబద్ధమెందుకు,
కానీ ఆవులిస్తూ మొదటి అక్షరం మింగేస్తుంది.
'నియె జపిసానో' అంది స్క్రీన్ రీడర్. అంటే, సేవ్ కాలేదు.
నా చెవిన పడింది 'జపిసానో'. అంటే, సేవ్ అయింది.
హాయిగా మూసేశాను.
నలభై పేజీల కోర్టు వాంగ్మూలం,
మేడమెట్ల మీంచి జారిపడ్డ ఒక ముసలావిడది.
తెల్లారేదాకా టైపు చేస్తూ
ఆవిణ్ణి మళ్లీ మొదటి మెట్టు నుంచి పడేశాను, పాపం.

అందుకే ఇవాళ ఈ నవంబరు ముసురులో
పదకొండో నంబరు ట్రాము దిగి
జెనోబియుష్ గారి కొట్టుకు తొమ్మిది మెట్లు దిగాను.
సీసం కరిగిన వాసన, తడి గోడల వాసన.
పైన ఒకప్పుడు మిల్లు. మా అమ్మమ్మ అందులోనే చేసింది.
అన్ని మగ్గాల హోరులో
ఎక్కడో ఒక్క పోగు తెగితే ఆమెకు తెలిసేదట.
వుచ్ నగరంలో ఇప్పుడు మగ్గాలు లేవు.
ఆ చెవులు మాత్రం నాకొచ్చాయి.

"దీనికి ఏడు రంగుల లైట్లండీ" అన్నాడు కొట్లో కుర్రాడు.
అని నాలిక్కరుచుకున్నాడు, ఆ చప్పుడూ విన్నాను.
నా వాటా లైట్లు కూడా నువ్వే చూసెయ్ నాయనా,
ఇది ఎంతసేపటికి నిద్రపోతుందో చెప్పు.

అట్ట మీద అది తప్ప అన్నీ ఉన్నాయి.

సరే, నా లాప్‌టాప్ తీశాను. మూడు కార్డులు, ఒకే పరీక్ష.
తగిలించి, ఒక వాక్యం చదివించి, చేతులు ఒళ్లో పెట్టుకుని
ఏమీ చెయ్యకుండా కూర్చోవడం.
కెటిల్ మరిగింది. ట్రాము ఒకటి పోయింది.
జెనోబియుష్ గారు టీ గ్లాసు నా వేళ్లకు ఆనించి
"ఎవరి కోసం చూస్తున్నాం?" అన్నారు గుసగుసగా.
దొంగ కోసం, అన్నాను.

మొదటిది దొరికిపోయింది, 'మంగళవారం'లో తల లేదు.
రెండోది సెల్లో వినిపించింది, గుండె జారిపోయింది.
కానీ దానికి మీట లేదు, నున్నటి గాజు పలక.
వేలు ఎక్కడ పెట్టినా ఏదో ఒకటి అవుతుంది.
సర్దుకోవాలంటే తెర మీద వాళ్ల సొంత ప్రోగ్రాం,
అందులో నా రీడర్ చదివింది ఇదీ:
బటన్. బటన్. బటన్. బటన్.

మూడోది పాతది, ఇనప డబ్బా, ఇటుకంత బరువు.
మీట తిప్పితే అడుగున చిన్న గాడి తగుల్తుంది, సున్నా అని.
"బుస కొడుతుందండీ అది" అన్నాడు కుర్రాడు, సిగ్గుపడుతూ.
విన్నాను. నిజమే.
పక్కగదిలో ఎవరో మెలకువగా ఉండి
ఊపిరి తీస్తున్నంత సన్నగా.
గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగి ఒక మీట నొక్కాను.
మాట మొత్తం వచ్చింది, తలతో సహా.

ఇదివ్వండి, అన్నాను.
ఆ అగ్గిపెట్టె కూడా పారెయ్యను, సొరుగులో ఉంటుంది.
కార్డు చెడిపోతే, చెడిపోయిందని
నాకు చెప్పాల్సింది కూడా ఆ కార్డే కదా.

ఇంటికొచ్చి, కావాలనే
నిండిపోయిన పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు దాచబోయాను.
'నియె' అంది డబ్బా, ఖంగుమని.
ఇంకోసారి నొక్కాను,
ఊరికే, వినడానికి.